గ్రాఫిక్స్ కార్డుకి ఎస్ఎంపీఎస్ ఎంత కావాలి? ముందు స్టిక్కర్ చదవండి

[తెర మీద: గేమ్ నడుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడుతుంది. ఫ్యాన్లు ఆగి మళ్లీ తిరుగుతాయి.]

యూట్యూబ్ చూస్తే ఏమీ అవదు. ఎక్సెల్ తెరిచినా ఏమీ అవదు. గేమ్‌లో అసలు ఫైట్ మొదలయ్యేసరికి మాత్రం పీసీ టక్కున ఆగిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కార్డు కొన్నవాళ్లయితే వెంటనే అమ్మినవాడికి ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటారు. కాస్త ఆగండి. కార్డు బంగారంలా ఉండొచ్చు. దానికి చాలినంత పవర్ అందుతోందో లేదో ముందు చూద్దాం.

నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ మన టాపిక్ ఎస్ఎంపీఎస్, అంటే గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటుని పీసీ భాగాలకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా. రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నా దగ్గర 450 వాట్లది ఉంది, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టొచ్చా?" దీనికి జవాబు 450 అన్న అంకెలో లేదు.

[దగ్గర నుంచి: కేబినెట్‌తో పాటు వచ్చిన పాత ఎస్ఎంపీఎస్, దాని పక్కనున్న స్టిక్కర్.]

ఇది కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన సరుకు. పైన పెద్ద అక్షరాల్లో 450. ఇప్పుడు కింద ఉన్న చిన్న గడులు చూడండి. 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు. ఒక్కో దాని కింద ఎన్ని యాంపులో రాసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ ప్రధానంగా బతికేది 12 వోల్టుల లైను మీదే. ఇక్కడ ఆ లైనుకి 16 యాంపులు అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. మనకి పనికొచ్చేది అంతే! మిగతాదంతా పాతకాలం పీసీలకి పనికొచ్చే లెక్క.

అదే మంచి 550 వాట్ల దాని మీద 12 వోల్టుల దగ్గర 45 యాంపులు కనిపిస్తాయి. అంటే 540 వాట్లు. పైన రాసిన అంకె, ఈ గుణకారంలో వచ్చిన అంకె దగ్గరదగ్గరగా ఉంటే ఆ కంపెనీ నిజం చెబుతోందని అర్థం. షాపులో "సరిపోద్ది సార్" అంటే తలూపేయకండి, డబ్బా తిప్పి ఈ గడి చూపించమనండి.

ఇప్పుడు తమ్ముడి లెక్క వేద్దాం. 3060 కార్డు 170 వాట్లు తింటుంది. అతని ప్రాసెసర్ ఐ5 12400ఎఫ్. డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, ఫుల్ స్పీడులో 117 వరకు వెళ్తుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి ఓ 50 వేసుకోండి. దాదాపు 340. మరి ఈ కార్డు చిప్పు తయారుచేసే ఎన్విడియా దీనికి 550 వాట్లది పెట్టమని ఎందుకంటుంది?

బోరు మోటారు స్విచ్ వేసిన క్షణంలో ఇంట్లో లైట్లు ఒక్కసారి డిమ్ అవుతాయి కదా, గ్రాఫిక్స్ కార్డు ఆ పని సెకనుకి ఎన్నోసార్లు చేస్తుంది. 170 అన్నది సగటు. మధ్యమధ్యలో రెప్పపాటు కంటే తక్కువ సమయంలో అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఆ దెబ్బకి తట్టుకోలేని ఎస్ఎంపీఎస్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మీరు చూసిన నల్ల స్క్రీన్ అదే కావచ్చు. ఈ బాధ ఎక్కువయ్యాకే 2022లో ఏటీఎక్స్ 3.0 అనే పద్ధతి వచ్చింది, ఎస్ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే నియమాలవి. పెద్ద కార్డుల కోసం చేసే ఎస్ఎంపీఎస్‌లు సెకనులో పదివేలవ వంతు సేపు రెట్టింపు లోడుని తట్టుకోగలగాలని అందులో రాశారు.

ఇక కేబుళ్లు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి వచ్చేది 75 వాట్లు. 6 పిన్నుల కేబుల్ ఇంకో 75, 8 పిన్నులది 150 ఇస్తుంది. జీటీఎక్స్ 1650 లాంటి చిన్న కార్డుల్లో చాలావాటికి స్లాటే చాలు, విడిగా కేబుల్ అక్కర్లేదు. పాత ఆఫీసు పీసీ ఉన్నవాళ్లకి నేను చెప్పేది అదే. మీ ఎస్ఎంపీఎస్‌కి 8 పిన్నుల కేబుల్ లేకపోతే, హార్డ్ డిస్కు కనెక్టర్ నుంచి మార్చే అడాప్టర్లు చవగ్గా దొరుకుతాయి. కొనకండి. ఆ వైర్లు అంత కరెంటు కోసం చేసినవి కావు, వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఇంకొకటి, ఊడదీసే కేబుళ్లున్న ఎస్ఎంపీఎస్ పాతది కొంటే దాని కేబుళ్లు దానితోనే తీసుకోండి. వేరే కంపెనీ కేబుల్ చక్కగా దూరుతుంది కానీ లోపల పిన్నుల వరుస వేరు. స్విచ్ వేయగానే మదర్‌బోర్డుకి నూకలు చెల్లిపోతాయి.

బ్రాంజ్, గోల్డ్ అని రాసి ఉండేదాని గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా చేయకుండా ఇస్తుందో అది చెబుతుంది. 550 వాట్ల బ్రాంజ్ లోపలికి 550 ఇస్తుంది, గోడ నుంచి ఇంకాస్త ఎక్కువ లాగుతుంది. అంతే తేడా. బ్రాంజ్ చాలు. రంగురంగుల లైట్ల కేబినెట్‌కి పెట్టే డబ్బులో సగం ఇటు మళ్లిస్తే చాలా నయం, ఎవరేమనుకున్నా సరే.

[దగ్గర నుంచి: పాత ఎస్ఎంపీఎస్ వెనక ఎర్ర స్విచ్, 115, 230 అంకెలు.]

ఈ ఎర్ర స్విచ్ కనిపిస్తే అది పాత డిజైన్. పొరపాటున 115 వైపు జరిపి మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఢామ్మంటుంది. మంచివాటికి ఈ స్విచ్ ఉండదు. చాలావాటి మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, ఎండాకాలం సాయంత్రాల్లో లో ఓల్టేజి వచ్చినా అవే సర్దుకుంటాయి. విడిగా స్టెబిలైజర్ అక్కర్లేదు.

తిత్లీ తుఫాను చూసిన జిల్లా మనది, కరెంటు పోవడం కొత్తేం కాదు. అందుకే యూపీఎస్ కొంటారు. షాపుల్లో ఎక్కువగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది దాదాపు 360 వాట్లే. గేమ్ మధ్యలో కరెంటు పోతే 3060 పీసీ, మానిటర్ కలిపి దాన్ని కుయ్యోమనిపిస్తాయి. కార్డు పెట్టాక కనీసం 1000 వీఏ చూడండి. కరెంటుని నున్నటి అలలా కాకుండా మెట్లలా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం నడపకండి.

కేబినెట్ ఇనుము ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎస్ఎంపీఎస్ పాడైందని మార్చేయకండి. దాని లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది, అది ఎర్త్ వైరు ద్వారా నేలలోకి పోవాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక వైరు ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి, కార్డు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.