ఐఎన్ఆర్ పెరిగితే రక్తం పలచబడినట్టేనా?

శ్రోతలకు నమస్కారం. పొద్దున్నే చెన్నై సెంట్రల్‌లో దిగే రైళ్లలో నెల్లూరు, గూడూరు వైపు నుంచి స్కాన్ కవర్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆమధ్య అలాగే ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చారు. లివర్ సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడైపోయే జబ్బు, దాని మీద క్యాన్సర్ కణితి. ఆపరేషన్‌కు వీలున్న కణితే. కానీ రిపోర్టులో ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె, పెరిగి 1.6 అని ఉంది. "రక్తం పలచబడిపోయింది సార్, కోస్తే ఆగదంట" అని కొడుక్కి ఒకటే టెన్షన్. గడ్డ కట్టించే పదార్థాలుండే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, ఎక్కించాలేమోనని మర్నాటికే ఊరి నుంచి నలుగురు కుర్రాళ్లను రప్పించాడు.

రక్తాన్ని గడ్డ కట్టించే పదార్థాల్లో చాలావాటిని తయారు చేసేది లివరే. అది పాడైతే అవి తగ్గి ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఇంతవరకు ఆ కొడుక్కీ ఎవరో చెప్పారు. చెప్పనిదేమిటంటే, గడ్డ అతిగా కట్టకుండా ఆపే ప్రొటీన్ సి, యాంటీత్రాంబిన్ లాంటివీ ఆ లివర్ నుంచే రావాలి. అవీ తగ్గుతాయి. తక్కెడలో రెండు పళ్లేలూ తేలికైతే ముల్లు ఇంచుమించు మధ్యలోనే నిలుస్తుంది. ఐఎన్ఆర్ తూచేది ఒక్క పళ్లేన్నే. అసలది రక్తం గడ్డ కట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్ల కోసం పెట్టిన లెక్క. సిర్రోసిస్ రోగికి ఎంత రక్తం పోతుందో దాన్ని చూసి చెప్పలేం. పైగా ఈ రోగుల్లో లివర్‌కు వెళ్లే పోర్టల్ సిరలోనే రక్తం గడ్డ కట్టడం మేం చూస్తుంటాం. నిజంగా పలచబడితే అలా ఎందుకవుతుంది?

"పోనీ, ప్లాస్మా ఎక్కిస్తే నష్టమేముంది?" అన్నాడు. ఒక సంచి 200 మిల్లీలీటర్ల పైమాటే. అంకె కాస్త దిగాలన్నా నాలుగైదు సంచులు, అంటే దగ్గర దగ్గర లీటరు పడుతుంది. పోర్టల్ సిరలో అప్పటికే ఒత్తిడి ఎక్కువ, ఈ లీటరు దాన్ని ఇంకా పెంచుతుంది. ఆపరేషన్‌లో రక్తం పోవడానికి ఆ ఒత్తిడే పెద్ద కారణం. మత్తు డాక్టర్లు లివర్ కోసేటప్పుడు సెలైన్ కూడా పొదుపుగా ఎక్కించేది అందుకే.

అలాగని ఊరికే కూర్చోలేదు. అన్నవాహికలో ఉబ్బిన సిరలున్నాయేమోనని ఎండోస్కోపీ చేయించాం. గడ్డ కట్టించే ప్రొటీన్ ఫైబ్రినోజన్ ఎంతుందో చూశాం. తిండి సరిగా లేదని విటమిన్ కె ఇచ్చాం. ప్లేట్‌లెట్లు 62,000 ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. 50,000 కన్నా తక్కువుంటే ప్లేట్‌లెట్లను పెంచే అవాట్రాంబోపాగ్ లాంటి మాత్రల గురించి ఆలోచించేవాళ్లం. అవి 5 రోజులు వేసుకోవాలి, ఆపరేషన్‌కు పది రోజుల ముందే మొదలుపెట్టాలి. కీళ్లనొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఆయన జేబులోనే దొరికాయి. నన్నడిగితే రక్తస్రావం విషయంలో ఐఎన్ఆర్ కన్నా వాటికే ఎక్కువ భయపడాలి. వెంటనే మాన్పించాం.

ఆపరేషన్ తర్వాత కాళ్ల సిరల్లో గడ్డ కట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్ రాస్తే కొడుకు మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. "పలచన రక్తానికి పలచన చేసే మందా సార్?" తక్కెడ సంగతి మొదటినుంచి మళ్లీ చెప్పాను.

ప్లాస్మా ఒక్క సంచీ వాడలేదు. వచ్చిన నలుగురిలో ఇద్దరు, ఎర్రకణాలు అవసరమవుతాయేమోనని రక్తమిచ్చారు. మిగతా ఇద్దరూ ఆ సాయంత్రమే నెల్లూరు రైలెక్కారు.