చర్చ: బొటనవేలు బొమ్మ పెడితే ఒప్పుకున్నట్టేనా?

యాంకర్: వెల్‌కమ్ బ్యాక్. కెనడాలో సస్కాచ్వాన్ ప్రావిన్స్‌లో ఓ రైతు ఫోన్‌లో బొటనవేలు పైకెత్తిన బొమ్మ, అదే థంబ్సప్ ఎమోజీ, ఒక్కటి కొట్టి 82 వేల కెనడా డాలర్ల పైచిలుకు కట్టాల్సొచ్చిన కేసు మళ్ళీ అందరూ షేర్ చేస్తున్నారు. మనతో ఒక లాయర్ గారు, భాషాశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు, యాప్‌లు డిజైన్ చేసే అమ్మాయి ఉన్నారు. నా ప్రశ్న ఒక్కటే, ఈ బొమ్మలు భాషని మింగేస్తున్నాయా లేదా?

లాయర్: ముందు కేసు చెప్తానండి. 2021లో గింజలు కొనేవాళ్ళు అవిసె గింజల కాంట్రాక్ట్ ఫోటో తీసి కన్ఫర్మ్ చేయమని ఈ రైతుకి పంపారు, ఈయన బొటనవేలు బొమ్మ పెట్టాడు, గింజలు మాత్రం ఇవ్వలేదు. కాంట్రాక్ట్ అందిందని చెప్పానంతే, ఒప్పుకోలేదు అని ఆయన వాదన. కోర్టు 2023లో ఏమందంటే, అంతకుముందు ఇదే ఇద్దరి మధ్య...

మాస్టారు: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. అసలు స్మైలీ ఎందుకు పుట్టిందో తెలియకుండా ఈ కేసు మాట్లాడి లాభం లేదు. 1982 సెప్టెంబర్ 19, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందని ఎవరో సరదాకి రాస్తే కొందరు నిజమనుకున్నారు. అప్పుడు స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, జోక్ అయితే ఈ గుర్తు పెట్టండి, తల పక్కకి వంచి చదవండి అన్నాడు, :-) ఇదీ గుర్తు. ఇంకో మాట కూడా అన్నాడు, ఈమధ్య వరస చూస్తే జోకు కానివాటికే గుర్తు పెట్టుకోవడం సులువేమో, దానికి :-( వాడండి అని! ఇది ఎవరూ చెప్పరు.

యాంకర్: అంటే అప్పుడే మాటలు చాలక బొమ్మలకి దిగారన్నమాట. భాష చచ్చిపోవడం అక్కడ మొదలైందంటారా?

మాస్టారు: చావడం కాదండీ బాబూ! ఎదురుగా ఉంటే గొంతు ఉంటుంది, మొహం ఉంటుంది. టైప్ చేస్తే రెండూ ఉండవు. ఆ లోటుకి అతుకు వేసుకున్నారు, అంతే.

అమ్మాయి: సార్, ఆ అతుకు ఇప్పుడు ఊడిపోయిందిగా. మామూలుగా నవ్వే పసుపు మొహం ఉంది చూడండి, అది మా వయసు వాళ్ళెవరైనా పంపితే కోపం వచ్చిందని అర్థం. నిజంగా నవ్వొస్తే పుర్రె పెడతాం.

యాంకర్: పుర్రెనా! చూశారా మాస్టారూ, నేను అన్నది ఇదే...

అమ్మాయి: నవ్వి నవ్వి చచ్చిపోయామని, అంతే మేడమ్. పైగా ఒకే బొమ్మ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. 2016లో ఆపిల్ వాళ్ళు తుపాకీ బొమ్మ తీసేసి నీళ్ళ తుపాకీ పెట్టారు. కొన్నాళ్ళు ఒకరు బొమ్మ తుపాకీ పంపితే అవతలి ఫోన్‌లో అసలు తుపాకీ...

మాస్టారు: అదే నేననేది! చుక్కా గీతా బ్రాకెట్టూ కలిపి మనం చేసుకుంది మనది. మీ పసుపు మొహాలు కంపెనీలు గీసిచ్చినవి. 1999లో జపాన్‌లో డొకొమో అనే ఫోన్ కంపెనీకి కురిత అనే ఆయన 176 బొమ్మలు గీశాడు, ఒక్కోటి 12 బై 12 చుక్కలు. 2010లో యూనికోడ్ వాళ్ళు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాల్ని ఒకేలా గుర్తుపట్టేలా నంబర్లిచ్చే సంస్థ, ఎమోజీలకీ నంబర్లిచ్చారు. ఇప్పుడు కొత్త మొహం కావాలంటే వాళ్ళకి అర్జీ పెట్టుకోవాలి. నవ్వడానికి అర్జీ ఏంటండీ?

లాయర్: కేసు సగంలో ఉంది...

యాంకర్: వస్తా సార్, మీ దగ్గరికే వస్తా. మరి ఆ పసుపు రంగు ఎవరిది మాస్టారూ?

మాస్టారు: హార్వీ బాల్ అనే బొమ్మలేసే ఆయనది! 1963, అమెరికాలో ఓ ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగుల మూడ్ బాగుండాలని ఆయన చేత పసుపు నవ్వు మొహం గీయించుకుంది. ఆయనకి ముట్టింది 45 డాలర్లు. హక్కులు రాయించుకోలేదు, తర్వాత ఫ్రాన్స్‌లో ఇంకొకాయన ట్రేడ్‌మార్క్ చేసుకుని వ్యాపారం చేసుకున్నాడు. చెప్పాగా, కంపెనీలు...

అమ్మాయి: సార్, మీరు దీన్ని మూడోసారి చెప్తున్నారు.

మాస్టారు: నాలుగోసారీ చెప్తానమ్మా, వినేదాకా.

[నవ్వులు, ఇద్దరు ఒకేసారి మాట్లాడారు]

లాయర్: నేను చెప్పేది వినండి. ఆ రైతు అంతకుముందు కాంట్రాక్టులకి ‘ఓకే’ అని, ‘బాగుంది’ అని ముక్తసరిగా జవాబిచ్చి సరుకు పంపేవాడు. అందుకే ఈసారి బొటనవేలు పెట్టినా ఒప్పుకున్నట్టే అంది కోర్టు. బొమ్మకి అర్థం బొమ్మలో లేదు, వాళ్ళిద్దరి పాత అలవాటులో ఉంది. 2024లో పై కోర్టు కూడా...

యాంకర్: అంటే సంతకం కూడా పోయింది! భాష పోయింది, సంతకం పోయింది!

లాయర్: సంతకం పోలేదండీ, నేనన్నది...

మాస్టారు: లాయర్ గారు నా మాటే చెప్తున్నారు. మనుషుల మధ్య పుట్టింది అర్థం, కంపెనీ ఇచ్చింది కాదు.

లాయర్: నేను కంపెనీ ఊసే ఎత్తలేదు!

అమ్మాయి: నాకొక్క ఛాన్స్ ఇస్తారా? 2015లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ళు ఆ ఏడాది పదంగా ఎంచుకుంది కన్నీళ్ళొచ్చేలా నవ్వే మొహాన్ని. అది పదం కాకపోతే డిక్షనరీ వాళ్ళెందుకు...

మాస్టారు: పబ్లిసిటీ!

యాంకర్: బాగా చెప్పారు మాస్టారూ. టైమ్ అయిపోతోంది. అమ్మా, ఒక్క లైన్‌లో, భాష బతుకుతుందా?

అమ్మాయి: మేడమ్, ఆ ప్రశ్నే తప్పు. నేను చెప్పాలనుకున్నది...

యాంకర్: లాయర్ గారూ, పది సెకన్లు.

లాయర్: డబ్బు విషయాల్లో ఎవరేం పంపినా బొటనవేలు పెట్టకండి. ‘చూశాను, ఇంకా ఒప్పుకోలేదు’ అని రాయండి. అంత రాయలేకపోతే...

మాస్టారు: చుక్కా గీతా బ్రాకెట్టూ పెట్టండి!

లాయర్: అయ్యో, అది కూడా వద్దండీ!

యాంకర్: మాస్టారి మాటతో ముగిద్దాం. రెండు వైపులా విన్నారు, నిర్ణయం మీదే. చూస్తూనే ఉండండి.

[మ్యూజిక్]

మాస్టారు: 1881లోనే పక్ అనే పత్రికలో అచ్చు గుర్తులతో నాలుగు మొహాలు వేశారండీ, సంతోషం ఒకటి, దిగులు ఒకటి...

[మైక్ కట్]