జాలికి అచ్చు, ఆగ్రహానికి చెర

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లిష్ కవి షెల్లీ పేరు వినగానే మనకు స్కైలార్క్ పిట్ట గుర్తొస్తుంది. భావకవిత్వం రోజుల్లో మనవాళ్లు ఆయన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని ఆంధ్ర షెల్లీ అని పిలుచుకున్నారు. ఆ పిట్ట మీది గీతాన్ని షెల్లీ 1820 వేసవిలో, ఇటలీలోని లివోర్నో దగ్గర రాశాడు. అదే ఏడు అచ్చయింది. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో, ఆ ఊరి దగ్గరే, ఆయన ఇంకో కావ్యం రాశాడు. దాని పేరు 'మాస్క్ ఆఫ్ అనార్కీ'. 91 చరణాలు. అది జనం చేతికి రావడానికి 13 ఏళ్లు పట్టింది. అప్పటికి షెల్లీ చనిపోయి పదేళ్లయింది.

ఒకే కవి, ఒకే ఊరు, ఏడాదైనా లేని తేడా. పిట్ట పాట వెంటనే అచ్చయింది, మనుషుల పాట ఆగిపోయింది. ఆ శతాబ్దపు ఇంగ్లిష్ కవుల అసంతృప్తి గురించి మాట్లాడాలంటే నేను ఇక్కడినుంచే మొదలుపెడతాను. వాళ్లు ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, రాసినదాన్ని ఎవరు వెయ్యనిచ్చారన్నదీ అంతే ముఖ్యం.

ఆ కావ్యానికి కారణం మాంచెస్టర్‌లో జరిగిన ఒక సభ. 1815లో నెపోలియన్‌తో యుద్ధం ముగిసింది. అదే ఏడు భూస్వాముల పార్లమెంటు ధాన్యం చట్టం తెచ్చింది. దేశంలో గోధుమల ధర క్వార్టరుకు, అంటే అప్పటి ఒక ధాన్యపు కొలతకు, 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమల్ని బజారులోకి రానివ్వరు. రొట్టె ప్రియమైంది, నేత కూలి పడిపోయింది. అడుగుదామంటే, అంత పెద్ద మిల్లుల ఊరికి పార్లమెంటులో ఒక్క సభ్యుడు కూడా లేడు. మనుషులు దాదాపు లేని ఓల్డ్ సారం అనే పాత దిబ్బకు మాత్రం ఇద్దరున్నారు.

1819 ఆగస్టు 16న సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో దాదాపు 60,000 మంది చేరారు. పక్కనున్న మిడిల్‌టన్ నుంచి ఒక జట్టును నడిపించుకొచ్చినవాడు శామ్యూల్ బామ్‌ఫర్డ్. ఆయన నేతగాడు, కవి కూడా. శుభ్రమైన బట్టలు కట్టుకోండి, తాగొద్దు, గొడవ పడొద్దు అని తనవాళ్లకు ముందే చెప్పాడు. శాంతికి గుర్తుగా లారెల్ రెమ్మలు పట్టుకున్నారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా వచ్చారు. హెన్రీ హంట్ అనే పేరున్న వక్త మాట్లాడటం మొదలుపెట్టాడో లేదో, మేజిస్ట్రేట్లు ఆయన్ని పట్టుకోమన్నారు. వ్యాపారస్తులతో, మిల్లు యజమానుల కొడుకులతో నిండిన స్థానిక గుర్రపుదళం కత్తులు దూసి జనంలోకి దూరింది. వెనకాలే హుస్సార్లు, అంటే సైన్యపు గుర్రపు పటాలం దిగింది. 15 మందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. అందరికంటే ముందు పోయినవాడు విలియం ఫైల్డ్స్ అనే రెండేళ్ల బిడ్డ. మైదానానికి వెళ్తున్న ఒక గుర్రం తగిలి తల్లి చేతుల్లోంచి జారి కిందపడ్డాడు. కొద్ది నిమిషాల్లో మైదానం ఖాళీ అయింది. టోపీలు, శాలువాలు, చెప్పులు, చిరిగి నెత్తురంటిన బట్టలు నేలంతా పరుచుకుని ఉన్నాయని బామ్‌ఫర్డ్ తర్వాత రాశాడు. ఆ సభకు వచ్చినందుకు ఆయనకు ఏడాది జైలు పడింది.

ఈ వార్త సెప్టెంబరు మొదటివారంలో ఇటలీ చేరింది. షెల్లీ రగిలిపోయాడు. కావ్యం మొదట్లోనే హత్య మనిషి రూపంలో ఎదురొస్తుంది. దాని ముఖం అచ్చం మంత్రి కాసిల్‌రే ముఖం! వెంట ఏడు వేటకుక్కలు, వాటికి తినడానికి మనుషుల గుండెలు. తర్వాత మోసం వస్తుంది, న్యాయాధికారి ఎల్డన్ దుస్తుల్లో. అతను ఏడిస్తే కన్నీటి బొట్లు తిరగలి రాళ్లయి పడతాయి. కాళ్ల దగ్గర ఆడుకుంటున్న పసివాళ్లు వాటిని రత్నాలనుకుంటారు, వాళ్ల తలలు పగిలిపోతాయి. షెల్లీకి మొదటి భార్య వల్ల కలిగిన పిల్లల్ని 1817లో ఆయన దగ్గర ఉంచకూడదని తీర్పిచ్చినవాడు ఈ ఎల్డనే. ఆ చరణం వెనక ఒక తండ్రి కడుపుమంట కూడా ఉంది.

కానీ నన్ను పట్టి ఆపేది తిట్లు కాదు. స్వేచ్ఛ అంటే ఏమిటని కవి అడిగి, తనే జవాబు చెప్పే చోటు. కూలివాడికి నువ్వు రొట్టెవి, పొద్దంతా కష్టపడి ఇల్లు చేరేసరికి వడ్డించి ఉన్న బల్లవి అంటాడు. దేవతనూ దివ్యజ్యోతినీ పక్కన పెట్టి, వేళకు దొరికే తిండినే స్వేచ్ఛ అన్న కవి నాకు చాలా పెద్దవాడు. తర్వాత, వాళ్లు కత్తులతో మీదికొస్తే చేతులు కట్టుకుని, కళ్లు తిప్పకుండా, అడవిలా చిక్కగా మౌనంగా నిలబడండి అంటాడు. ఆఖరున, 'నిద్ర లేచిన సింహాల్లా లేవండి, నిద్రలో మీద పడ్డ మంచును దులిపినట్టు సంకెళ్లు దులపండి, మీరు అనేకులు, వాళ్లు కొందరే' అని ముగిస్తాడు.

దీన్ని లండన్‌లో 'ఎగ్జామినర్' పత్రిక సంపాదకుడు లీ హంట్‌కు పంపాడు. మాంచెస్టర్ వక్తదీ ఈయనదీ ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. యువరాజును విమర్శించినందుకు లీ హంట్ అప్పటికే రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. 1819 డిసెంబరులోనే ప్రభుత్వం సభల మీద, కరపత్రాల మీద ఆరు కొత్త చట్టాలు పెట్టింది. ఆయన ఆ కావ్యాన్ని దాచిపెట్టాడు. ఆయన్ని పిరికివాడని నేననను, అచ్చేస్తే మళ్లీ ఆ జైలే. చివరికి 1832లో అచ్చువేశాడు. మాంచెస్టర్‌కు పార్లమెంటులో రెండు సీట్లు దక్కిందీ ఆ ఏడే.

ఇక 1843కి వద్దాం. గనుల్లో, మిల్లుల్లో పిల్లల చాకిరీ మీద ప్రభుత్వ సంఘం నివేదికలు వచ్చాయి. అవి కదిలించగా ఎలిజబెత్ బారెట్ రాసిన 'పిల్లల ఏడుపు' ఆ ఆగస్టులో ఒక పెద్ద పత్రికలో వచ్చింది. పచ్చిక బయలు కనిపిస్తే ఆడుకోరా అంటే, మాకు పచ్చిక ఎందుకు, మీద పడి నిద్రపోవడానికి తప్ప అంటారు అందులో పిల్లలు. పోయినేడు చనిపోయిన చిన్నారి ఆలిస్ గోతి దగ్గరికెళ్లి చూస్తారు. ఇక ఎవరూ ఆమెను 'లేవే, తెల్లారింది' అని లేపరు, అందుకే ఆమె ఏడవడం లేదు అనుకుంటారు. చావును చూసి అసూయపడే పసివాళ్లు! మీరే ఒకసారి ఆ పద్యాన్ని పైకి చదివి చూడండి, ఆ చరణం దగ్గర గొంతు నిలవదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు 'పంచ్' పత్రికలో థామస్ హుడ్ 'చొక్కా పాట' వచ్చింది. చిరుగుల బట్టల్లో కూర్చుని చొక్కాలు కుట్టే స్త్రీ పాట. రొట్టె ఇంత ప్రియం, రక్తమాంసాలు ఇంత చవకా అని ఆమె దేవుణ్ని అడుగుతుంది. మీరు అరగదీస్తున్నది గుడ్డను కాదు, మనుషుల ప్రాణాల్ని అని కొనేవాళ్లకు చెబుతుంది. దేశమంతా ఆ పాట పాడుకుంది.

ఈ రెండూ ఎందుకు అచ్చయ్యాయి? అవి గొప్ప పద్యాలు, అందులో సందేహం లేదు. కానీ అవి ఎవరిని పిలుస్తున్నాయో గమనించండి. ఒకటి 'నా సోదరులారా' అని చదువుకున్నవాళ్లను పిలుస్తుంది. ఇంకోటి అక్కచెల్లెళ్లు, తల్లులు, భార్యలు ఉన్న మగవాళ్లను పిలిచి, మీరు తొడుక్కున్నది చూడండి అంటుంది. షెల్లీ పిలిచింది కుట్టేవాణ్ని, నేసేవాణ్ని. 'నువ్వు విత్తింది ఇంకొకడు కోస్తున్నాడు, నువ్వు నేసింది ఇంకొకడు కడుతున్నాడు' అని రాసిన ఆయన గీతం కూడా 1839 దాకా ఆగింది. ఉన్నవాడి గుండెను తట్టే కవిత్వానికి దారి దొరికింది. లేనివాణ్ని నిలబడమన్న కవిత్వానికి తలుపు మూసుకుంది.

అయితే ఆ లేనివాడు ఎవరో వచ్చి తన కోసం రాస్తారని కూర్చోలేదు. 1838లో ఓటు హక్కు కోసం చార్టిస్టు ఉద్యమం వచ్చింది. 1842లో 33 లక్షలకు పైగా సంతకాలతో అర్జీ పెడితే పార్లమెంటు తోసిపుచ్చింది. వాళ్ల 'నార్తర్న్ స్టార్' పత్రికలో నేతగాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు పద్యాలు రాసేవారు. ఆ ఉద్యమ నాయకుల్లో ఒకడు ఎర్నెస్ట్ జోన్స్, బారిస్టరు, కవి. 1848లో ఒక ఉపన్యాసానికి రెండేళ్ల శిక్ష పడింది. జైల్లో కొంతకాలం కలం, సిరా ఇవ్వకపోతే తన నెత్తురుతో రాశానని ఆయన చెప్పుకున్నాడు.

అక్కడ రాసిన దీర్ఘకావ్యం ఒకటి 1851లో వచ్చింది. మనం రవి అస్తమించని సామ్రాజ్యం అని చదువుకున్న దాని గురించి ఆయన అప్పుడన్న మాట ఇది: 'ఆ వలసల మీద సూర్యుడు అస్తమించడు, నెత్తురూ ఆరదు.' 1857లో మన సిపాయిలు తిరగబడితే లండన్ పత్రికలు ప్రతీకారం కావాలని అరిచాయి. జోన్స్ తన పత్రికలో మనవాళ్ల పక్షాన రాశాడు. ఆ పాత కావ్యాన్నే 'హిందూస్థాన్ తిరుగుబాటు' అని పేరు మార్చి మళ్లీ అచ్చువేశాడు. దాన్ని మంచి తెలుగులో చదవాలని నా కోరిక. ఈ ప్రసంగం వింటున్న అనువాదకులెవరైనా పూనుకుంటే సంతోషిస్తాను.

నమస్కారం.