హైదరాబాద్ నుంచి బయలుదేరి విదేశాల్లో ఆఫీసు పని: విమానం ఎక్కే ముందు ఫోనులో చేయవలసిన పని

నమస్కారం. వెనక కుక్కర్ కూత వినిపిస్తే పట్టించుకోకండి, మల్కాజిగిరిలో మా వంటింటి పక్క గదిలోనే రికార్డు చేస్తున్నాను. దేశాలు తిరుగుతూ ఉద్యోగం చేసుకోవడం ఎలా మొదలుపెట్టాలి, ఇదీ ఈరోజు విషయం. సముద్రం ఒడ్డున ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న ఫొటోలు ఇందులో ఉండవు. ఒకసారి అలా కూర్చుని చూశాను. ఎండకు స్క్రీన్ కనిపించలేదు, కీబోర్డులో ఇసుక మాత్రం ఇప్పటికీ ఉంది.

ముందు తేలికైనవి గబగబా చూసేద్దాం. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, 100 వాట్ అవర్స్ దాటకూడదు. అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్, దాని వెనకే రాసి ఉంటుంది, ఇదిగో ఇక్కడ. తర్వాత ఆఫీసు అనుమతి. మేనేజరు "సరే, వెళ్లిరా" అంటే చాలదు, మెయిల్‌లో తీసుకోండి. కంపెనీకి వేరే దేశంలో పన్ను చిక్కులు రావచ్చు, వేరే దేశం నుంచి లాగిన్ అయితే ఖాతా ఆగిపోనూ వచ్చు. సరే, ముందుకు వెళ్దాం.

వీసా. పర్యాటక వీసా మీద వెళ్లి పని చేసుకోవచ్చా అని అడిగితే, చాలా దేశాల్లో చట్టం అందుకు ఒప్పుకోదు. దీనికోసమే కొన్ని దేశాలు ప్రత్యేక వీసాలు పెట్టాయి. ఎస్టోనియా 2020లోనే పెట్టింది. థాయ్‌లాండ్ 2024 జూలైలో డీటీవీ, అంటే డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, అని ఒకటి తెచ్చింది, నేను దాని మీదే వెళ్లాను. గడువు అయిదేళ్లు, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల దాకా ఉండవచ్చు. 5 లక్షల బాత్ మీ దగ్గర ఉన్నట్టు చూపాలి, మన లెక్కలో పన్నెండు లక్షల రూపాయలు దాటుతుంది. మీకు జీతం ఇచ్చేది థాయ్‌లాండ్ బయటి సంస్థ అయి ఉండాలి. దరఖాస్తు థాయ్‌లాండ్ బయట ఉండగానే పెట్టాలి. ఫారం స్క్రీన్ మీద ఉంది, ఆపి చదువుకోండి. ఇంకో మాట, రోజులు లెక్కపెట్టుకోండి. ఒక క్యాలెండరు సంవత్సరంలో 180 రోజులు ఉంటే థాయ్‌లాండ్ మిమ్మల్ని తన పన్ను పరిధిలోకి తీసుకుంటుంది. మన దగ్గరా పన్నుకు ఇలాంటి లెక్కే, ఆర్థిక సంవత్సరానికి 182 రోజులు. రాకపోకల తేదీలు ఒక షీటులో రాసి పెట్టుకుంటే ఆడిటరుతో సగం మాటలు ఆదా అవుతాయి.

ఇప్పుడు గడియారం. మనవాళ్లలో చాలామందికి పని అమెరికాతో, మనసేమో బ్యాంకాక్, బాలీల మీద. ఖర్చు తక్కువ, దగ్గర, నిజమే. కానీ తూర్పుకు వెళ్లేకొద్దీ మీటింగు అర్ధరాత్రి వైపు జరుగుతుంది. న్యూయార్కులో ఉదయం 10 అంటే చలికాలంలో హైదరాబాద్‌లో రాత్రి 8:30, థాయ్‌లాండ్‌లో 10, బాలీలో 11. అదే పడమటికి వెళ్తే, జార్జియాలోని టిబిలిసీలో సాయంత్రం 7, లిస్బన్‌లో మధ్యాహ్నం 3. అన్నం తిని, చిన్న కునుకు తీసి మీటింగులో కూర్చోవచ్చు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, యూరప్ మార్చి చివరి ఆదివారం జరుపుతుంది. ఆ మధ్య రోజుల్లో లిస్బన్‌లో అదే మీటింగు 2 గంటలకే వస్తుంది. అందుకే నేను గోడ గడియారం లెక్కలు మానేశాను. క్యాలెండరు సెట్టింగ్స్‌లో, ఇదిగో, రెండో టైమ్ జోన్ పెట్టాను. పక్కపక్కనే రెండు వరుసలు. దీనికోసం వేరే యాప్ దించుకోవద్దు, అనవసరం.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఓటీపీ.

వీసా వచ్చింది, టికెట్ వచ్చింది. బయలుదేరే ముందు వారం నేను కొత్త ఫోను కొన్నాను, మొదటి తప్పు అదే. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో దిగాను, అద్దె కట్టాలి. కార్డు వివరాలు ఇచ్చాను, బ్యాంకు ఓటీపీ పంపామంది. రాలేదు. మళ్లీ పంపమన్నాను. రాలేదు. ఏటీఎంకు వెళ్తే కార్డు మీద విదేశీ వాడకం ఆపి ఉంది. 2020 నుంచి మన కార్డులు ఇచ్చేటప్పుడే అలా ఆపి ఇస్తున్నారు, మనమే తెరుచుకోవాలి. తెరుద్దామంటే బ్యాంకు యాప్ కొత్త ఫోనులో పెట్టనే లేదు. పెడదామంటే ఆ యాప్ ముందు నా సిమ్ నుంచి మెసేజ్ పంపాలంటుంది. సిమ్‌కు సిగ్నల్ లేదు, ఎందుకంటే రోమింగ్ తెరవలేదు. రోమింగ్ తెరుద్దామని సిమ్ కంపెనీ యాప్‌లోకి వెళ్తే, లాగిన్ కావడానికి ఏమడిగిందో చెప్పండి. ఓటీపీ! అదీ అదే నంబరుకు.

ఇంటి యజమానురాలు పెద్దావిడ. క్యాలిక్యులేటరులో అద్దె అంకె కొట్టి నా ముందు పెట్టింది. నేను ఫోను చూపించి తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఆ అంకె చెరిపేసి, గోడ మీది క్యాలెండరులో మర్నాటి గడి మీద వేలు పెట్టింది. అంత సిగ్గు నాకు పదో తరగతి లెక్కల పరీక్షలో కూడా కలగలేదు.

రాత్రి వైఫై మీద మా అక్కకు వాట్సాప్ కాల్ చేశాను. "ఒరేయ్, నీ నంబరుకు రోమింగ్ ప్యాక్ నేను ఇక్కడి నుంచి వేస్తే సరిపోదా?" అంది. సరిపోయింది. తన ఫోను నుంచే రీఛార్జ్ చేసింది. నేను ఫోను ఆపి మళ్లీ పెట్టాను. టింగు, టింగు, టింగు. గడువు తీరిన ఓటీపీలు ఏడు, వరుసగా దిగాయి. ఎనిమిదోది పనికొచ్చింది.

అందుకే ఇది నెమ్మదిగా చేద్దాం. హైదరాబాద్‌లో ఉండగానే చేయాలి. స్క్రీన్ చూడండి. సిమ్ కంపెనీ యాప్, ఇంటర్నేషనల్ రోమింగ్, ఆన్. ఖరారు చేస్తూ మెసేజ్ వస్తుంది, అది వచ్చేదాకా ఈ పేజీ వదలకండి. రెండోది ఫోను సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్, ఇది ఆఫ్. ఇక్కడే అందరూ తికమక పడతారు, మళ్లీ చెబుతున్నాను. మొదటిది సిమ్ కంపెనీ దగ్గర ఆన్, రెండోది ఫోనులో ఆఫ్. ఎస్ఎంఎస్ రావడానికి డేటా అక్కర్లేదు, సిమ్‌కు అక్కడి నెట్‌వర్క్ దొరికితే చాలు. ఇంటర్నెట్‌కు అక్కడి ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోనులోనే వేసుకునే సిమ్, వేసుకోండి. మన సిమ్ రెండో గదిలో కూర్చుని ఓటీపీలు అందుకుంటూ ఉంటుంది. వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తుంది, మార్చాలా అని అడిగితే వద్దనండి.

దిగాక కూడా సిగ్నల్ రాకపోతే నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేయండి, జాబితా వస్తుంది, ఒక్కొక్కటే నొక్కి చూడండి. నాకు రెండోసారి వెళ్లినప్పుడు మూడోది పట్టింది.

కార్డు విదేశీ వాడకం కూడా ఇప్పుడే ఆన్ చేయండి, పరిమితి చిన్నదే పెట్టండి. కార్డులు రెండు బ్యాంకులవి ఉండాలి, రెండూ ఒకే పర్సులో ఉండకూడదు. ఆఫీసు లాగిన్‌కు కోడ్‌లు ఇచ్చే యాప్ ఉంటుంది కదా, దాని బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి. అవును, కాగితం మీదే. ఫోను పోతే ఫోనులో దాచినవీ పోతాయి.

ప్లగ్గుల సంగతి. కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క యూనివర్సల్ అడాప్టర్ కొనండి, నాలుగు వద్దు. ఇంట్లోని చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టెలో వేసుకోండి. దాని ప్లగ్ అడాప్టర్‌లో పెడితే మన ఛార్జర్లన్నీ అందులోనే. మలేషియాలోనూ సింగపూర్‌లోనూ ఉండేది బ్రిటన్ తరహా చదరపు మూడు పిన్నులు, మన గుండ్రటివి దూరవు. అడాప్టర్ వోల్టేజీని మార్చదు, అది గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్ ఛార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే దిగులు లేదు.

టికెట్ కొనే ముందు ఒక రిహార్సల్. నేను అనంతగిరి కొండల దగ్గర చేశాను, వికారాబాద్ పక్కన. ఇంటి వైఫై లేకుండా అయిదు రోజులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, శని ఆదివారాలు కాదు. గది తీసుకునే ముందు అప్‌లోడ్ వేగం కొలిచి స్క్రీన్ షాట్ పంపమని అడగండి. అందరూ డౌన్‌లోడ్ అంకె పంపుతారు. మన ముఖం అవతలివాళ్లకు కనిపించాలంటే అప్‌లోడ్ కావాలి, స్పష్టమైన వీడియోకు నాలుగు ఎంబీపీఎస్ దాకా. అనంతగిరిలో నాకు మంగళవారం సాయంత్రం కరెంటు పోయింది, వైఫై పోయింది, మీటింగు మాత్రం ఉంది. ఫోను హాట్‌స్పాట్ పెట్టి, వీడియో ఆపేసి, మాటతోనే నడిపించాను. రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకోవడం ఆ రోజు నుంచే అలవాటు.

ఈసిమ్ వేసుకోవడం వచ్చే వీడియోలో చూపిస్తాను. అక్క పిలుస్తోంది, కుక్కర్ దించాలట.