క్రోషేలో ఒక్క అంకె మారితే

శ్రోతలకు నమస్కారం.

క్రోషే, అంటే ఒకే కొక్కెంతో దారాన్ని అల్లే పని, చేతికి పట్టుబడిన వారిని కొన్నాళ్లకు ఒక ప్రశ్న తప్పకుండా వేధిస్తుంది: తరువాత ఏం అల్లాలి? దారపు ఉండలు పెట్టెనిండా ఉంటాయి, ఫోనులో దాచుకున్న బొమ్మలకు లెక్కే ఉండదు, అయినా చేయి ముందుకు సాగదు. ఇలాంటప్పుడు చాలామంది మరో నాలుగు నమూనాల కోసం వెతుకులాట మొదలుపెడతారు. నన్నడిగితే వెతకవలసిన చోటు అది కాదు. క్రోషేలో కొత్త ఆలోచన పైనుంచి చూసే బొమ్మలో కంటే కుట్టు నడిచే తీరులోనే ఎక్కువగా దొరుకుతుంది. ఆ నడక ఒకసారి వంటబట్టిందంటే, ఇప్పటికే చేతనైన నమూనాలో ఒక్క అంకె మార్చినా పూర్తిగా వేరే వస్తువు తయారవుతుంది. ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది ఆ అంకెల గురించే.

ముందుగా పేర్ల విషయం తేల్చుకుందాం. అమెరికా పుస్తకాల్లో సింగిల్ క్రోషే అని రాసే పొట్టి కుట్టునే బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అంటారు. అమెరికా వారి డబుల్, బ్రిటిష్ వారికి ట్రెబుల్. ఏ పద్ధతిలో రాసిన నమూనానో చూసుకోకుండా అల్లితే కొలతలన్నీ తారుమారవుతాయి. నేను ఇక్కడ అమెరికా పేర్లనే వాడతాను.

రెండు సూదులతో చేసే అల్లికలో ఒక వరసకు చెందిన ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద నిలిచి ఉంటాయి, వాటిలో ఒకటి జారితే ఆ జారుడు కింది వరసల దాకా పోతుంది. మామూలు క్రోషేలో అలా కాదు. ఏ కుట్టుకు ఆ కుట్టు అక్కడికక్కడే ముగిసిపోతుంది, కొక్కెం మీద చివరికి మిగిలేది ఒకే ఒక్క ఉచ్చు. అందువల్ల తరువాతి కుట్టు ఎక్కడ వేయాలన్నది మన చేతిలోనే ఉంటుంది: పక్క కుట్టులో వేయవచ్చు, రెండు వరసల కిందికి దించి వేయవచ్చు, పనిని తిప్పి అంచు వెంబడి వేయవచ్చు, లేదా కింద ఏ ఆధారమూ లేకుండా, ఉచ్చులోంచి ఉచ్చు లాగే గొలుసు కుట్లు వేసుకుంటూ పోయి మరెక్కడో తెచ్చి కలపవచ్చు. నచ్చనప్పుడు కొక్కెం తీసి దారం లాగితే కుట్లు వేసిన వరుసకు ఎదురు వరుసలో విడిపోతాయి. కావలసిన చోట ఆపి, ఆ ఒక్క ఉచ్చును అందుకుంటే చాలు, పని మళ్లీ నడుస్తుంది. నిజమైన క్రోషేను పెద్ద ఎత్తున తయారుచేసే యంత్రం ఇప్పటికీ మిల్లుల్లోకి రాలేదు. క్రోషేలా కనిపించే మిల్లు బట్టలను దగ్గరగా చూస్తే, చాలావరకు అవి వేరే తరహా అల్లికేనని తెలిసిపోతుంది.

ఇప్పుడు కొక్కెం పట్టుకుందాం. దారాన్ని లాగితే బిగుసుకునే వలయం ఒకటి చేసుకుని, అల్లేవారు మ్యాజిక్ రింగ్ అనేది దాన్నే, అందులో ఆరు సింగిల్ క్రోషేలు వేయండి. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 12 అవుతాయి. మూడో చుట్టులో ఒక కుట్టులో ఒకటి, తరువాతి కుట్టులో రెండు, ఇలా మారుస్తూ పోతే 18 వస్తాయి. నాలుగో చుట్టుకు 24. చుట్టుకు ఆరు చొప్పున పెరుగుతున్నంత కాలం ఆ బిళ్ల బల్లపరుపుగా పరుచుకుంటుంది. ఆరే ఎందుకంటే, వృత్తం వ్యాసార్ధం ఎంత పెరిగితే దాని చుట్టుకొలత అందుకు సుమారు 6.28 రెట్లు పెరగాలి. సింగిల్ క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి ఒక్కో చుట్టుకు ఆరు కుట్లు చేరితే లెక్క కుదురుతుంది. డబుల్ క్రోషే దానికి ఇంచుమించు రెట్టింపు ఎత్తుంటుంది, అందుకే ఆ కుట్టుతో చేసే వృత్తాన్ని 12తో మొదలుపెట్టి చుట్టుకు 12 చొప్పున పెంచుతారు. పెంచే కుట్లు ప్రతి చుట్టులోనూ ఒకదాని నెత్తిన ఒకటి పడితే బిళ్లకు ఆరు మూలలు తేలి షడ్భుజి అవుతుంది. గుండ్రంగానే రావాలంటే పెంచే చోటును చుట్టు చుట్టుకూ కొంచెం పక్కకు జరపాలి. చాలామంది ఈ మూలలను లోపమనుకుని బాధపడతారు గానీ, అలాంటి షడ్భుజులను పక్కపక్కన చేర్చి కుడితే సందు లేకుండా అతుక్కుంటాయి, దాంతో ఒక దుప్పటికి దారి దొరుకుతుంది.

ఇక ఆ ఆరును కదిలించి చూడండి. బిళ్ల అరచేయంత అయ్యాక పెంచడం పూర్తిగా మానేసి ఉన్న కుట్ల మీదే చుట్లు వేసుకుంటూ పోతే గోడ లేస్తుంది, అది బుట్ట అవుతుంది. కొలత తలకు సరిపడేదైతే టోపీ అవుతుంది. ఒక చుట్టులో పెంచి మరో చుట్టులో పెంచకుండా వదిలేస్తూ పోతే శంకువు ఆకారం వస్తుంది. కొంతదూరం పెంచి, కొన్ని చుట్లు సమంగా నడిపి, ఆపైన అదే లెక్కలో చుట్టుకు ఆరు చొప్పున తగ్గిస్తే బంతి అవుతుంది. జపాన్ నుంచి ప్రపంచమంతా వ్యాపించిన, దూది కూరిన అమిగురుమి బొమ్మల్లో తల, పొట్ట, చెవి, తోక అన్నీ ఈ బంతులూ శంకువులూ గొట్టాల కలయికలే. ఎలుగుబంటి నమూనా తెలిసిన వారికి కుందేలు నమూనా విడిగా అక్కర్లేదు, చెవిని పొడుగుచేయడానికి చుట్లు పెంచుకుంటే చాలు. ఈ బొమ్మలకు మాత్రం దారపు చీటీ మీద సూచించిన కొక్కెం కంటే ఒకటి రెండు సైజులు చిన్నది వాడాలి, లేకపోతే కుట్ల సందుల్లోంచి లోపలి దూది తొంగిచూస్తుంది.

ఆరు కంటే తక్కువైతే గిన్నె అవుతుందని మనం చూసినట్టే. ఎక్కువైతే ఏమవుతుందన్నది ఇంకా ఆసక్తికరమైన కథ. అంచుకు చోటు చాలక బట్ట అలలుగా ముడుచుకుంటుంది. సాధారణంగా అల్లేవారు దీన్ని తప్పు లెక్క అనుకుని విప్పేస్తారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన డైనా టైమినా 1997లో ఈ ముడతనే పనికి పెట్టారు. జ్యామితిలో హైపర్బోలిక్ తలం అని ఒకటుంది. దాని మీద ఒక గీత బయట ఉన్న బిందువు గుండా ఆ గీతను ఎన్నడూ తాకని గీతలు ఎన్నైనా గీయవచ్చు. విద్యార్థులకు చూపించడానికి అప్పటిదాకా కాగితపు ముక్కలు అంటించి చేసిన నమూనాలు వాడేవారు, అవి చేతులు పడగానే చిరిగిపోయేవి. టైమినా క్రోషేతో, నిర్ణీత సంఖ్యలో కుట్లకు ఒక కుట్టు చొప్పున ప్రతి వరసలోనూ తప్పకుండా పెంచుతూ, అదే తలాన్ని చేతితో మడిచి, చాచి, మీద దారంతో గీతలు కుట్టి చూడగలిగేలా తయారుచేశారు. మన బిళ్లలో చుట్టుకు చేరేది ఎప్పుడూ ఆరే; ఇక్కడ బట్ట పెరిగినకొద్దీ చేరే కుట్లు కూడా పెరుగుతాయి. తేడా అంతా అందులోనే ఉంది.

2005లో మార్గరెట్ వర్తీమ్, క్రిస్టీన్ వర్తీమ్ అనే కవల సోదరీమణులు ఈ పద్ధతితోనే పగడపు దిబ్బలను అల్లడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలు రంగు కోల్పోయి తెల్లబడుతుండడం వారిని కదిలించింది. మొదట గణితం చెప్పినట్టే క్రమం తప్పకుండా కుట్లు పెంచారు. ఆ క్రమాన్ని కావాలనే చెడగొట్టి, ఒక చోట ఎక్కువగా, ఒక చోట తక్కువగా పెంచినప్పుడే అల్లిక ప్రాణమున్న పగడంలా కనిపించిందని వారు గమనించారు. ఆ తరువాత అనేక దేశాల్లో వేలమంది తమ తమ పగడాలను అల్లి ప్రదర్శనలకు చేర్చారు. ఇంట్లో ప్రయత్నించదలచిన వారికి ఒక హెచ్చరిక: ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తూ పోతే ఆరుతో మొదలైనది 12, 24, 48, 96 అవుతూ ఆరో చుట్టుకే 192కు చేరుతుంది, ఉండ ఎటు పోయిందో తెలియదు. నాలుగు కుట్లకు ఒకటి పెంచడం దగ్గర మొదలుపెట్టి చూడడం మేలు.

అంకెలు వద్దు, పువ్వులూ ఆకులూ కావాలనేవారికి ఐరిష్ క్రోషే ఉంది. ఐర్లండ్‌లో 1845లో బంగాళదుంప పంట తెగులుతో నాశనమై కరవు వచ్చినప్పుడు, వేలాది కుటుంబాలకు ఈ అల్లిక ఆధారమైంది. ఖరీదైన వెనిస్ లేసును సూదితో చేయడానికి పట్టే కాలంతో పోలిస్తే, చూడడానికి దానికి దగ్గరగా ఉండే లేసును కొక్కెంతో ఎంతో త్వరగా అల్లవచ్చు. కాన్వెంట్లలో సన్యాసినులు నేర్పారు. మోనహన్ కౌంటీలోని క్లోన్స్ పట్టణంలో 1847లో ఒక మతాచార్యుని భార్య అయిన కసాండ్రా హ్యాండ్ ఈ పనిని ప్రవేశపెట్టారు, ఆ ఊరి పేరుతో ఒక ముడి కుట్టు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇందులో మొత్తం లేసును ఒకేసారి అల్లరు. గులాబీ, ఆకు, ద్రాక్షగుత్తి దేనికది విడిగా, లావు దారాన్ని లోపల పెట్టి ఉబ్బెత్తుగా అల్లుతారు. వాటిని బట్ట మీద తలకిందులుగా పరిచి కుట్టి, మధ్య ఖాళీలను గొలుసు కుట్ల వలతో నింపి, చివరికి ఆ బట్టను విడదీస్తారు. పెద్ద పని మొదలుపెట్టడానికి జంకేవారికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడదు, ఎందుకంటే ఇక్కడ ఏం తయారవుతుందో మొదటిరోజే తేల్చుకోనక్కర్లేదు. తోచినప్పుడల్లా ఒక ఆకో పువ్వో అల్లి డబ్బాలో వేసుకుంటూ పోవచ్చు.

సొంత బొమ్మ గీసుకుని అల్లాలనిపిస్తే ఫిలే క్రోషేను చూడండి. గళ్ల కాగితం మీద గడులు నలుపుతూ బొమ్మ వేసుకోవాలి. ఖాళీ గడి అంటే ఒక డబుల్ క్రోషే, రెండు గొలుసు కుట్లు. నిండు గడి అంటే మూడూ డబుల్ క్రోషేలే. వరస చివర మూతగా మరో డబుల్ క్రోషే. కనుక 20 గడుల వెడల్పుకు 61 కుట్లు కావాలి. గడి ప్రతివారి చేతిలోనూ సరిగ్గా చతురస్రంగా రాదు, కొందరి చేతిలో నిలువుగా సాగుతుంది, అప్పుడు బొమ్మలోని గుండ్రటి ముఖం కోలముఖమవుతుంది. అందుచేత పది గడుల ముక్క అల్లి కొలిచిన తరువాతే బొమ్మ ఖాయం చేసుకోవాలి. తెలుగు అక్షరాలతో పేరు అల్లాలనుకునేవారు గడులను ఉదారంగా కేటాయించుకోవాలి. మన అక్షరాల వంపులూ తలకట్లూ ఐదారు గడుల్లో ఇమిడేవి కావు.

రంగుల ప్రయోగానికి, నడుమ నుంచి చుట్లుగా అల్లే చతురస్రమైన గ్రానీ స్క్వేర్‌ను మించినది లేదు. 1885లో అమెరికాలోని ప్రెయిరీ ఫార్మర్ పత్రికలో వచ్చిన చతురస్రం ఈ తరహాలో మనకు తెలిసిన తొలి నమూనా. మూడేసి డబుల్ క్రోషేల గుత్తులు మొదటి చుట్టులో నాలుగు, రెండో చుట్టులో ఎనిమిది, మూడో చుట్టులో 12 పడతాయి. అంటే చుట్టుకు సరిగ్గా 12 కుట్లే చేరుతున్నాయి, వృత్తానికి చెప్పుకున్న లెక్కే ఇక్కడ నాలుగు మూలలుగా సర్దుకుంది. మిగులు దారాలన్నీ ఇందులో చెల్లుతాయి, కానీ చేతికందిన రంగు వేసుకుంటూ పోతే దుప్పటి గజిబిజిగా తయారవుతుంది. చివరి చుట్టు మాత్రం అన్ని చతురస్రాలకూ ఒకే రంగులో వేస్తే ఆ గజిబిజి ఒక చట్రంలోకి వస్తుంది. ఉండలను పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే, వేరువేరు అనుకున్న రెండు రంగులు ఒకే బూడిద రంగులో కలిసిపోతున్నాయేమో కూడా తెలుస్తుంది. ఉండలోనే నాలుగు రంగులు మారే దారాలకు సాదా కుట్టే సరి; వాటితో అందమైన లేసు అల్లితే రంగూ కుట్టూ ఒకదాన్నొకటి మింగేస్తాయి.

ఏడాది పొడుగునా రోజుకొక వరస, ఆ రోజు ఉష్ణోగ్రతకు నిర్ణయించుకున్న రంగులో అల్లే దుప్పట్లు ఈమధ్య చాలామందిని ఆకర్షిస్తున్నాయి. ఆలోచన బాగుంది, కొలత మాత్రం ముందే వేసుకోవాలి. సింగిల్ క్రోషే వరస అర సెంటీమీటరు ఎత్తు వస్తే 365 వరసలకు సుమారు 182 సెంటీమీటర్లు, మంచానికి సరిపోతుంది. వరస ఒక సెంటీమీటరు ఎత్తుండే డబుల్ క్రోషేతో మొదలుపెడితే మూడున్నర మీటర్లు దాటుతుంది, కప్పుకునేవారు దొరకరు.

దారం సంగతి క్లుప్తంగా చెబుతాను. లావును బట్టి 0 నుంచి 7 దాకా అంకెలిచ్చే పద్ధతి విరివిగా వాడుకలో ఉంది, 0 సన్నని లేసు దారం, 7 అన్నిటికంటే లావుది. చీటీ మీద ఉండే అద్దకం సంఖ్యను చూసి, ఒక వస్తువుకు కావలసిన ఉండలన్నీ ఒకే సంఖ్యవి తీసుకోవాలి; ఒకే రంగు పేరున్నా అద్దకం మారితే తేడా బట్టలో చారలా కనిపిస్తుంది. నూలు దారం ఊలులా సాగి మళ్లీ దగ్గరకు రాదు, కాబట్టి సంచులకూ బల్లగుడ్డలకూ బాగుంటుంది గానీ స్వెటరు అంచు పట్టీలకు అంతగా కుదరదు. ఊలును తడిపి, కావలసిన కొలతకు పరిచి, గుండుసూదులతో ఆరబెడితే ఆ ఆకారంలో కుదురుకుంటుంది. యాక్రిలిక్‌ను ఆవిరితో సర్దవచ్చు, ఇస్త్రీ పెట్టె తగిలితే మాత్రం అది కరిగి చచ్చుబడిపోతుంది, మళ్లీ మునుపటి తీరుకు రాదు.

నమూనా ముక్క అల్లడం చాలామందికి విసుగు. పది సెంటీమీటర్ల చతురస్రంలో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు పడుతున్నాయో తెలియకుండా ఒంటికి తొడిగే వస్తువు అల్లడం జూదమే. అంచుల దగ్గర కుట్లు సరిగా ఉండవు కాబట్టి ముక్కను 15 సెంటీమీటర్లు అల్లి, మధ్యలో కొలవాలి. ఉతికి ఆరిన తరువాత మళ్లీ కొలవాలి. ఆ ముక్కను పారేయకండి, విప్పనూ వద్దు. ఒక చీటీ మీద దారం పేరు, కొక్కెం కొలత, కుట్టు, ఉతకక ముందూ ఉతికిన తరువాతా వచ్చిన కొలతలు రాసి ముక్కకే కట్టి ఉంచండి. ఏం అల్లాలో తోచనప్పుడు ఆ ముక్కల్లో ఒకదాన్ని తీసి, దాని అంచున కుట్లు పెంచి చూడండి, తగ్గించి చూడండి, రెండు ముక్కలు కలిపి చూడండి.

నమస్కారం.