బెజవాడ ఎండలో పాత ల్యాప్‌టాప్: ముందు దుమ్ము, తర్వాత ఎస్ఎస్‌డీ, ఆ తర్వాతే ర్యామ్

[తెరపై: బల్ల మీద ఏడెనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా కట్ చేయకుండా చూపించాలి. మూలన టైమర్.]

నమస్తే అండి. బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా తెర మీద ఇంకా ఆ చుక్కలు తిరుగుతూనే ఉన్నాయా? "దీని పని అయిపోయింది, కొత్తది కొనాలి" అనేస్తాం. కొనేముందు ఒక్క పావుగంట కూర్చుని, అడ్డుపడుతున్నది ఏ పార్టో కొలవండి. కొలవకుండా గవర్నర్‌పేట వెళ్లి ర్యామ్ కొనుక్కొస్తే డబ్బు పోతుంది, నత్తనడక మాత్రం పోదు.

[తెరపై: టాస్క్ మేనేజర్, పర్ఫార్మెన్స్ పేజీ]

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి, రోజూ చేసే పనే చేస్తూ అక్కడ మూడు చోట్ల చూడండి.

డిస్క్ పక్కన హెచ్‌డీడీ అని ఉండి, ఏమీ చేయకపోయినా 100 శాతం దగ్గర కూర్చుంటోందంటే జబ్బు హార్డ్ డిస్క్‌ది. మెమరీ 85 శాతం దాటి దిగడం లేదంటే ర్యామ్, అంటే నడుస్తున్న పనుల్ని పట్టి ఉంచే మెమరీ, చాలడం లేదు. సీపీయూలో, అంటే ప్రాసెసర్ చిప్ దగ్గర, బేస్ స్పీడ్ అని ఒక అంకె, స్పీడ్ అని ఒక అంకె ఉంటాయి. బరువైన పని నడుస్తుండగా స్పీడ్ బేస్ కంటే కిందికి పడిపోతూ, ఫ్యాన్ హోరుమంటోందంటే అది వేడి. చార్జర్ పెట్టే చూడండి, బ్యాటరీ మీద ఉంటే స్పీడ్ వేరే కారణంతోనూ తగ్గుతుంది.

మన ఊళ్లో వేడి నుంచే మొదలుపెట్టాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏసీ లేని గదిలో 38 ఉందనుకోండి. ఫ్యాన్ చిప్‌ను చల్లబరిచేది గదిలోని గాలితోనే కదా. 22 డిగ్రీల ఏసీ గదిలో 75 దగ్గర నడిచే చిప్, అదే పనికి ఈ గదిలో 90 దాటుతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95, 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. దానికి దుమ్ము తోడైతే రోహిణి కార్తెలో ల్యాప్‌టాప్ పాకుతుంది. ఇది బాగు చేసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు, అందుకే ముందు ఈ పని.

[తెరపై: అడుగు భాగం పైకి తిప్పి. పీహెచ్0, పీహెచ్00 సైజు చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్లు, తెల్ల కాగితం, పాత ఏటీఎం కార్డు]

షట్‌డౌన్ నొక్కేటప్పుడు షిఫ్ట్ పట్టుకోండి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. చార్జర్ తీయండి. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఇది చాదస్తం కాదు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన చేతులు ఆనించే చోట బొడిపె లేస్తుంది, ఒక్కోసారి బోర్డుకే దిగుతుంది. అన్నీ తీసినా కవర్ రాకపోతే బలవంతం చేయొద్దు. రబ్బరు కాళ్ల కింద ఇంకో రెండు దాగి ఉండొచ్చు. హెచ్‌పీ, డెల్, లెనోవో కంపెనీలు మోడల్ వారీగా సర్వీస్ మాన్యువల్ నెట్‌లో పెడతాయి, విప్పే వరుస అందులో బొమ్మలతో ఉంటుంది. కవర్ అంచున ఏటీఎం కార్డు దూర్చి చుట్టూ నడిపిస్తే లాకులు టక్ టక్ మని వదులుతాయి.

కవర్ రాగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టి గుంజకూడదు, గోటితో కనెక్టర్ అంచుని కొంచెం కొంచెం జరపాలి. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. ఏదైనా ఇనుప వస్తువుని ముట్టుకున్నాకే బోర్డు మీద చెయ్యి వేయండి.

[తెరపై: చాలా దగ్గరగా. ఫ్యాన్ మూత తీయగానే, ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య బూడిద రంగు పొర]

ఇదిగో, ఇక్కడ ఆపి చూడండి. ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. బయటి జాలీలోంచి చూసినా ఏమీ కనపడదు. కానీ ఫ్యాన్ గాలి వదిలే చోట, సన్నటి లోహపు రెక్కలకి లోపలి వైపున, దుమ్మూ నూలూ జుట్టూ కలిసి గొంగడి ముక్కలా అతుక్కుపోయింది. పట్టకారుతో ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వస్తోంది చూడండి. బయటి నుంచి బ్లోయర్ కొట్టినంత మాత్రాన ఇది రాదు, విప్పితేనే వస్తుంది. మిగతాది మెత్తని పెయింట్ బ్రష్‌తో దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి మాత్రం వద్దే వద్దు, అందులో నీటి తుంపర్లు ఉంటాయి.

ఇక థర్మల్ పేస్ట్, అంటే చిప్ వేడిని పైనున్న హీట్‌సింక్‌కి అందించే జిగురులాంటి పూత. హీట్‌సింక్ అంటే ఆ వేడిని ఫ్యాన్ దాకా మోసే లోహపు భాగం. దాని స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలు ఉంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి చిన్నదానికి, బిగించేటప్పుడు చిన్నదాని నుంచి పెద్దదానికి. అదీ ఒకేసారి కాదు, రెండు మూడు విడతల్లో. ఎండి పెంకు కట్టిన పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. బ్లేడుతో గీకితే చిప్ అంచు పగులుతుంది. కొత్త పేస్ట్ చిప్ మధ్యలో రెండు బియ్యపు గింజలంత చాలు, కార్డు ముక్కతో పలచగా పరచండి. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడదు, పక్కలకి కారుతుందంతే. చుట్టూ మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఉంటే చిరగనంతవరకు వాటినే ఉంచండి. ప్యాడ్ తీసేసి ఆ ఖాళీని పేస్ట్‌తో నింపితే హీట్‌సింక్ ఆనదు.

[తెరపై: హార్డ్ డిస్క్, 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీ, ఎం.2 ఎస్ఎస్‌డీ పక్కపక్కన]

ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన చోటుకి వద్దాం. ల్యాప్‌టాప్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఎస్ఎస్‌డీ, అంటే చిప్‌లలో ఫైళ్లు దాచే డిస్క్, వేయించండి. పాత డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. పెద్ద ఫైల్ ఒకటి చదివేటప్పుడు సెకనుకి 100 ఎంబీ దాకా ఇస్తుంది. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు చదివేవి వేల చిన్న ఫైళ్లు. అక్కడ అదే డిస్క్ సెకనుకి 1 ఎంబీ దగ్గరికి పడిపోతుంది. టీ కాగడానికి పట్టే ఆ టైమంతా ముల్లు వెతుకులాటే. ఎస్ఎస్‌డీలో వెతకడానికి తిరిగేదేమీ లేదు.

కొనేముందు ఏ రకం పడుతుందో చూసుకోవాలి. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అయితే పాత డిస్క్ చోటులోనే కూర్చుంటుంది. దాని వేగం గరిష్ఠంగా సెకనుకి 550 ఎంబీ. చాలు, నిజంగా చాలు. ఎం.2 స్లాట్, అంటే సన్నటి పట్టీలాంటి ఎస్ఎస్‌డీ దూరే గాడి, ఉంటే జాగ్రత్త. ఎస్ఎస్‌డీ మీద 2280 అని ఉంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు, ఆ కొలత ఒక్కటే చెబుతుంది. డిస్క్ బోర్డుతో మాట్లాడే పద్ధతి పాత సాటానా, కొత్త ఎన్‌వీఎంఈనా అన్నది చెప్పదు. స్లాట్‌లో దూరినంత మాత్రాన పనిచేస్తుందని లేదు. సాటా మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో, అసలు కనపడదు, షాపువాళ్లు "పీస్ బాగానే ఉందండీ" అంటారు, వాళ్లన్నదీ నిజమే. మాన్యువల్ చూసి కొనండి.

పాతది ఊడదీసే ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి చూడండి. 05, సీ5 వరుసల్లో రా విలువ సున్నా కాకుండా ఉంటే డిస్క్ చెడిపోతోందని అర్థం. అలాంటిదాన్ని క్లోన్ చేయబోతే, అంటే ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దింపబోతే, మధ్యలో ఆగిపోవచ్చు, ముందు ఫొటోలు, కాగితాలు బయటికి కాపీ చేసుకోండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి.

క్లోన్ కంటే 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ కొత్తగా వేసుకోవడం మేలు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త పాత డిస్క్‌తోనే పోతుంది. కీ అడిగితే "నా దగ్గర కీ లేదు" అన్నది నొక్కండి. అసలైన విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. మళ్లీ కొనమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఇంకో మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే దాదాపుగా 8వ తరం కావాలి. అంతకంటే పాతదైతే, బ్రౌజర్, పీడీఎఫ్, వీడియోల వరకైతే విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. ట్యాలీ మీదో, అను ఫాంట్లతో డీటీపీ మీదో బతికేవాళ్లకి అది కుదరదు. వాళ్లు ఈ పాత మెషీన్ మీద ఎక్కువ ఖర్చు పెట్టకపోవడమే మంచిది.

[తెరపై: ర్యామ్ స్టిక్ 30 డిగ్రీల వాలులో దూర్చి, కిందికి నొక్కడం. క్లిప్పుల చప్పుడు వినపడాలి]

ర్యామ్ సంగతి చిన్నదే. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు నిండాయో ఉంటుంది. ఫారం ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అది బోర్డుకి అతికించినది, దాన్ని మార్చలేం. డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులు, డీడీఆర్4 1.2 వోల్టులు, ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చోదు. 4 నుంచి 8 జీబీకి వెళ్తే తేడా కళ్లకు కడుతుంది, 8 నుంచి 16 మాత్రం మెమరీ నిజంగా నిండుతుంటేనే. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, టెస్ట్ చేసి వారంటీ ఇచ్చే చోట పాత స్టిక్ కొనడం తప్పేమీ కాదు. ఎస్ఎస్‌డీ మాత్రం పాతది వద్దు, అది రాసినకొద్దీ అరుగుతుంది. కొత్త స్టిక్ పెట్టాక మొదటిసారి తెర నల్లగానే ఉంటే కంగారుపడి ఆపేయకండి, రెండు మూడు నిమిషాలు చూడండి. అప్పటికీ రాకపోతే ఆపి, కరెంటు తీసి, స్టిక్ మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి.

[తెరపై: కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ ఆదేశం powercfg /batteryreport, తర్వాత రిపోర్ట్ పేజీ]

బ్యాటరీకి ఈ ఆదేశం కొడితే ఒక రిపోర్ట్ వస్తుంది. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే చార్జ్) 41,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 19,000 అని ఉందనుకోండి, సగం కూడా మిగల్లేదు. పాత బ్యాటరీ లేబుల్ మీది పార్ట్ నంబర్ చూపించే కొత్తది కొనండి. పెట్టిన రోజే ఒకసారి పూర్తిగా చార్జ్ చేసి ఇదే రిపోర్ట్ తీయండి. ఫుల్ చార్జ్ అంకె లేబుల్ అంకెకి చాలా తక్కువగా ఉంటే వెంటనే వెనక్కి ఇచ్చేయండి.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, క్లిక్ పడకపోయినా, అడుగు కవర్ మధ్యలో సందు కనిపించినా బ్యాటరీ ఉబ్బింది. ఆ క్షణం నుంచి చార్జింగ్ పెట్టొద్దు. నొక్కి చదును చేయొద్దు, గుచ్చొద్దు, స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, మంటలు వస్తాయి. అంటించి ఉన్న బ్యాటరీ అయితే తీసే పని మెకానిక్‌కే ఇవ్వండి. తీసిందాన్ని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి అప్పగించండి.

[తెరపై: కవర్ బిగిస్తూ. బల్ల మీద ఖాళీ కాగితం, ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. పక్కన పాత హార్డ్ డిస్క్]

మిగిలింది పాత హార్డ్ డిస్క్. నెల రోజులు దాన్ని ఫార్మాట్ చేయొద్దు. ఏ ఫోల్డర్ కాపీ చేయడం మర్చిపోయామో వెంటనే గుర్తురాదు, కరెంటు బిల్లు రసీదో పిల్లల మార్కుల జాబితానో అవసరమైన రోజున వెతుక్కుంటాం. నెల గడిచాక, 05, సీ5 రెండూ సున్నా ఉంటే యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడుకోండి.