కలిపిన సిలబస్, కలవని మేష్టార్లు

అందరికీ నమస్కారం.

కింది దవడ పన్ను తీయాలంటే ముందు ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్ నరానికి మత్తు ఇస్తాం. ఆ ఒక్క సూది వెనక ఎన్ని సబ్జెక్టులున్నాయో చూడండి. నరం ఎముకలోకి దిగే చోటు ఎక్కడో అనాటమీ చెబుతుంది. లిగ్నోకైన్ అనే ఆ మత్తుమందు నరంలో సోడియం వెళ్లే దారులను (సోడియం చానళ్లను) మూసి నొప్పి కబురు పైకి పోకుండా ఎలా ఆపుతుందో ఫార్మకాలజీ చెబుతుంది. చీము పట్టినచోట అదే మందు ఎందుకు సరిగా పట్టదు? అక్కడ ఆమ్లత్వం ఎక్కువ. నరం పొరను దాటగలిగే రూపంలో ఉండే మందు తగ్గిపోతుంది. ఇది కెమిస్ట్రీ. ఇవన్నీ విడివిడిగా చదివిన విద్యార్థి సిరంజి పట్టేనాటికి సగం మరిచిపోతాడు. సబ్జెక్టులన్నీ కలిపి చెప్పే ఇంటిగ్రేటెడ్ కరికులం పుట్టింది ఇందుకే.

ఆలోచన పాతదే. వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ 1952లోనే వైద్య విద్యలో మొదలుపెట్టింది. డెంటల్‌లో మాత్రం ఒక చిక్కు అదనం: చేతిపని. మైనంతో పన్ను చెక్కడం, కేవిటీ తవ్వడం గంటల తరబడి చేస్తేనే వస్తాయి. సెమినార్లు పెంచినా ల్యాబ్ గంటలు తగ్గవు. పిల్లలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పరుగులు పెడుతూ, ఎందుకైనా మంచిదని సీనియర్ల పాత సబ్జెక్టు నోట్సు జెరాక్స్ తీయించుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేను. వైవా ఇంకా సబ్జెక్టుల వారీగానే జరుగుతోందిగా!

ఇక మన సంగతి. వైద్య విద్య నిపుణుడు హార్డెన్ 2000లో చెప్పిన ఇంటిగ్రేషన్ నిచ్చెనకు 11 మెట్లు: కింద విడివిడి సబ్జెక్టులు, పైన అన్నీ కలిసిపోయిన చదువు. మనం టైంటేబుల్ మార్చి, నడిమి మెట్టు మీద కూర్చుని, పైకి ఎక్కేశామనుకుంటాం. ఒకసారి లాలాజల గ్రంథుల మాడ్యూల్‌లో ముగ్గురు టీచర్లం ఒకే వారంలో మూడుసార్లు పరోటిడ్ (చెవి దగ్గరి లాలాజల గ్రంథి) బొమ్మ గీశాం. నోరు ఎండితే పళ్లు ఎందుకు త్వరగా పుచ్చుతాయో ఒక్కరమూ చెప్పలేదు, పక్కవాళ్లు చెప్పే ఉంటారని. ఆ ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. "మరి నా సబ్జెక్టు ఎక్కడికి పోయింది?" అని అనాటమీ మిత్రుడు అడిగితే నవ్వాం కానీ, అతని బాధ నిజమే. ఏళ్ల తరబడి కట్టుకున్న పాఠం నాలుగు ముక్కలైంది.

ఈమధ్య నేనూ ఒక పెరియో (చిగుళ్ల వైద్యం) టీచరూ కలిసి పది మార్కుల ప్రశ్న రాశాం: షుగర్ ఉన్న రోగి, కదిలే పళ్లు. దేనికెన్ని మార్కులో తేల్చుకోవడానికి ఒక మధ్యాహ్నం పట్టింది, మధ్యలో కాస్త గొడవా అయింది. ఈసారి అలాంటి ప్రశ్నే ముందు రాసుకుని, దాన్నిబట్టి క్లాసులు పంచుకోబోతున్నాం.